పొయ్యి మంచమెక్కిన వ్యాసం

నేను ఉద్యోగంలో చేరిన మొదటి వానాకాలంలో, ఎనిమిదో తరగతి పిల్లలకు నల్లబల్ల మీద 'వర్షాకాలము' అని రాసి, వ్యాసం రాసుకు రమ్మన్నాను. మర్నాడు అందరూ కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఇంటికి తీసుకుపోయి దిద్దుదామని కూర్చుంటే మొదటి కాగితంలో నెమళ్ళు పురివిప్పి నాట్యమాడుతున్నాయి. రెండో దాంట్లోనూ ఆడుతున్నాయి. కట్ట చివరిదాకా ఆడుతూనే ఉన్నాయి. కర్షకులు హలములు చేతబూని పొలములకేగుచున్నారు. చాతక పక్షులు దప్పిక తీర్చుకొనుచున్నవి. పక్కగదిలో బియ్యం ఏరుకుంటున్న మా అమ్మ నా నవ్వు విని, "ఏమే, ఏం రాశారు?" అంది.

"అందరూ ఒకే వానలో తడిశారమ్మా," అన్నాను.

మాది తాడేపల్లిగూడెం. ఏలూరులో ట్రెయినింగు పూర్తి చేశాక కొల్లేటి ఒడ్డున ఉన్న ఓ పల్లెటూరి బడికి నన్ను వేశారు. ఎనిమిదో తరగతి దాకా ఉన్న బడి. ఏలూరు నుంచి కాలవ వెంట పడవలో పోవాలి. మా నాన్న మొదట వద్దన్నారు, తరవాత మా అమ్మని తోడిచ్చి పంపించారు. ఆ ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళు చేపలు పట్టుకుని బతికేవాళ్ళు, తక్కిన సగం వరి చేలమీద ఆధారపడ్డవాళ్ళు. వానలు ముదిరితే ఎవరిళ్ళూ ఒడ్డున ఉండవు. సరస్సే ఊళ్ళోకి వచ్చి కూర్చుంటుంది. అలాంటి ఊళ్ళో పిల్లలు నెమళ్ళ గురించి రాశారు.

మర్నాడు క్లాసులో అడిగాను. "నెమలిని మీలో ఎవరు చూశారు?"

ఒక్క పిల్లాడు చెయ్యెత్తాడు. "నేను చూశానండి. క్యాలెండర్లో. కుమారస్వామి కిందుందండి."

"మరి వానాకాలం మీ ఇళ్ళల్లో ఏం జరుగుతుంది?"

ఆఖరి వరసలో గోడవారగా కూర్చునే అమ్మాయి ఒకతె ఉండేది. చేపలు పట్టేవాళ్ళ పిల్ల. క్లాసులో నోరు విప్పడం అంతవరకూ నేను వినలేదు. ఆ పిల్ల లేచి నిలబడి, "మా పొయ్యి మంచమెక్కుద్దండి," అంది.

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. "నిజవేనండి. నీళ్ళు ఇంట్లోకి వచ్చేస్తాయి కదండి. మా మామ్మ మంచమ్మీద చెక్క పరిచి, మట్టి మెత్తి, పొయ్యి దాని మీద పెడద్దండి. మేము అటకెక్కి కూర్చుంటామండి. పైనించి చూస్తే మామ్మ నీళ్ళల్లో నిలబడి వంట చేస్తా ఉంటదండి."

నవ్వులు ఆగిపోయాయి. అందరి ఇళ్ళల్లోనూ ఏదో ఒకటి జరిగేది కదా. ఒకడి ఇంట్లోకి కొర్రమీను వచ్చిందట, వాళ్ళ నాన్న అది గడప దాటి పోకుండా తలుపు వేసి పట్టేశాడట. ఇంకొకడు వాళ్ళ గేదెల్ని తెచ్చి మన బడి వరండాలోనే కడతారని చెప్పాడు. "అప్పుడు బడికి సెలవండి," అని ఎంతో సంతోషంగా చేర్చాడు.

"ఇవన్నీ నిన్న ఎందుకు రాయలేదర్రా?" అన్నాను.

"ఇది వ్యాసం కాదు కదండీ," అంది ఆ అమ్మాయి.

"మరేంటి?"

"మామూలు సంగతండి."

"అయితే రేపు ఆ మామూలు సంగతే రాసుకురండి. ఇప్పుడు నాకు చెప్పినట్టే రాయండి."

రాసుకొచ్చారు. అవి చదువుతుంటే, దిద్దటానికి తీసిన కలం చేతిలో అలాగే ఉండిపోయింది. ఇంత బాగా రాసినవి కట్టకట్టి బీరువాలో పెట్టడానికి మనసొప్పలేదు. బడి వరండాలో నలుపంతా పోయి పారేసిన పాత నల్లబల్ల ఒకటుంది. పిల్లలు దాన్ని కడిగి, వరండా గోడకు ఆనించి, కాగితాలన్నీ దానికి అన్నం మెతుకులతో అంటించారు. పైన ఒకడు పెద్ద అక్షరాలతో 'మన గోడపత్రిక' అని రాశాడు. దారిన పోయేవాళ్ళకు కూడా కనిపించేలా దాని ముఖం వీధి వైపు పెట్టాం.

మర్నాడు పొద్దున్న బడికి వెళ్ళేసరికి పత్రికను ఓ మేక చదువుతోంది. అన్నం మెతుకుల రుచికి కింది వరస కాగితాలన్నీ అప్పటికే తినేసింది. పిల్లలు దాన్ని తరుముకుంటూ పోయారు. పొయ్యి వ్యాసం కింది వరసలోనే ఉండేది. ఆ అమ్మాయి ఏడుస్తుందేమోనని దగ్గరికి వెళ్ళాను. "పోన్లెండి, మళ్ళీ రాస్తాను. మొన్న రాసినప్పుడు పిల్లి సంగతి మర్చిపోయానండి," అంది. అప్పటినుంచీ మెతుకులు మానేసి, కాగితాలను తుమ్మముళ్ళతో గుచ్చేవాళ్ళం. మేక మళ్ళీ రాలేదు.

మేక పోయాక హెడ్మాస్టరు గారు వచ్చారు. ఆయన పెద్దవారు. వ్యాకరణం అంటే ప్రాణం. మాటలో మెత్తదనమే తప్ప కోపం ఎన్నడూ కనిపించేది కాదు. అందుకే ఆయన ఏదైనా వద్దంటే ఎదురు చెప్పటం ఇంకా కష్టం.

"పంతులమ్మ గారూ, ఒక్క మాటండీ," అన్నారు. "పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష ఇంట్లో ఎలాగూ మాట్లాడతారు. బడికి పంపించేది ఇంట్లో లేనిది నేర్చుకోమని. రేపు పరీక్షలో 'ఎక్కుద్ది' అని రాస్తే మార్కులు మీరిస్తారా అండీ?"

ఆయన అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు. "పరీక్షలో 'ఎక్కును' అనే రాస్తారండీ. అది నేను చూసుకుంటాను. ఈ గోడ మీద మాత్రం 'ఎక్కుద్ది' అనే ఉండనివ్వండి," అన్నాను.

ఆయన బల్ల వైపు ఒకసారి చూసి, "గోడ మీదే కదా. సరే కానివ్వండి," అన్నారు.

అది మొదలు రోజూ గంట కొట్టకముందే వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని బల్ల ముందు నిలబడేవారు. జేబులో ఎర్ర పెన్సిలు ఉండేది. శకారం రాయాల్సిన చోట షకారం రాస్తే దాన్ని మాత్రం దిద్దేవారు. 'ఎక్కుద్ది'ని ముట్టుకోలేదు. ఆ రోజుల్లోనే, నెమలిని క్యాలెండర్లో చూసిన పిల్లాడు వాళ్ళ నాన్న చేపలకి వెళ్ళే దోనె పొగమంచులో తప్పిపోయిన కథ మొదలుపెట్టి, సగంలో ఆపి, 'మిగతాది వచ్చేవారం' అని రాశాడు. ఆ మధ్యాహ్నం హెడ్మాస్టరు గారు వాణ్ణి పిలిపించారు. వాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్ళాడు. తలుపు పక్కనే ఉన్న నాకు అంతా వినబడుతోంది.

"ఏరా, ఆ దోనె దొరికిందా లేదా?"

"వచ్చేవారం రాస్తానండి."

"నాక్కూడా చెప్పవా?"

"మీకు చెప్తే అందరికీ తెలిసిపోద్దండి."

హెడ్మాస్టరు గారు నవ్వటం నేను మొదటిసారి విన్నది అప్పుడే.

పిల్లలు నన్నూ వదల్లేదు. "అందరిచేతా రాయిస్తారు, మీరు రాయరేంటండి?" అన్నారు. ట్రెయినింగులో పాఠాలు ఎలా చెప్పాలో నేర్పారు గానీ, నా అంతట నేను ఒక్క ముక్కా రాసి ఎరగను. నాలుగైదు కాగితాలు చించి పారేశాక, ఈ ఊరు రావటానికి మొదటిసారి పడవ ఎక్కిన సంగతి రాశాను. పడవ కదలగానే భయమేసి నా ట్రంకుపెట్టెను కావలించుకు కూర్చున్నాను. పడవ నడిపే ఆయన, "పెట్టెకి ఈత రాదమ్మగారూ, పడవని పట్టుకోండి," అన్నాడు. అదంతా రాసి, చివర్లో 'ధైర్యమే మనకు రక్ష' అని ఒక వాక్యం చేర్చి, ముల్లు గుచ్చాను.

పిల్లలు చదివి పడీ పడీ నవ్వారు. పొయ్యి వ్యాసం రాసిన అమ్మాయి మాత్రం చివరిదాకా చదివి, నా దగ్గరికొచ్చి మెల్లిగా, "చాలా బాగుందండి. కానీ ఆఖర్న ఆ నీతి ఎందుకండి?" అంది. నేను మళ్ళీ చదువుకున్నాను. నిజంగానే అక్కర్లేదు. హెడ్మాస్టరు గారి ఎర్ర పెన్సిలు అడిగి తెచ్చుకుని ఆ వాక్యం కొట్టేశాను. ఆ పిల్ల ముఖంలో ఆనాడు కనిపించిన వెలుగు వేరు. రాసింది మార్చవచ్చుననీ, పంతులమ్మ రాసిందైనా మార్చవచ్చుననీ తెలిసినప్పటి వెలుగు అది.

కొన్నాళ్ళకు ఊళ్ళోవాళ్ళు బల్ల దగ్గర ఆగటం మొదలైంది. చదువొచ్చినవాళ్ళు చదువుకునేవాళ్ళు, రానివాళ్ళు పిల్లల్ని నిలబెట్టి చదివించుకునేవాళ్ళు. ఒకరోజు మధ్యాహ్నం తిండి వేళకి, ఖాళీ చేపల బుట్ట చంకన పెట్టుకుని ఒక ముసలావిడ నేరుగా వరండాలోకి వచ్చింది.

"మీరేనాండి పంతులమ్మగారు? మా ఇంటి సంగతి గోడకెక్కిందంటగా. ఊరంతా చెప్పుకుంటన్నారు. అదేదో నాకూ చదివి వినిపిచ్చండి," అంది.

చూడగానే అర్థమైంది, పొయ్యి వ్యాసం రాసిన అమ్మాయి మామ్మ ఆవిడ. మనవరాలు అప్పటికే తలుపు చాటుకు పోయి నక్కింది. వాళ్ళ పేదరికాన్ని వీధిన పెట్టామని ఆవిడ అంటుందేమోనని నా భయం. బల్ల ముందు నిలబడి మొదటి నుంచీ చదివాను. ఆవిడ బుట్ట కింద పెట్టి, స్తంభానికి ఆనుకుని, కళ్ళు మూసుకుని విన్నది. చదవటం అయిపోయింది.

"అంతేనా?" అంది.

"అంతేనండి."

"సగం లేదు."

ఆవిడ అరుగు మీద కూర్చుని చెప్పటం మొదలుపెట్టింది.

"ఆ ఏడు నీళ్ళు ముంచుకొచ్చినప్పుడు మా వీధిలో తడవని పొయ్యి మాదొక్కటేనండి. మంచమ్మీదెక్కింది గదా. ఇక చూస్కోండి, వీధి వీధంతా గిన్నెలు నెత్తిన పెట్టుకుని మా ఇంటికే. ఒకళ్ళ గిన్నె దిగితే ఒకళ్ళ గిన్నె ఎక్కటం. నాకు నడుం వాల్చే తీరిక లేదు. మా ఎదురింటావిడకీ నాకూ మాటల్లేవప్పుడు. వల చిరిగిన గొడవ. ఎన్నాళ్ళనించో నాకే గుర్తులేదు. ఆవిడ మొలలోతు నీళ్ళల్లో వచ్చి, నెత్తిన గిన్నెతో మా గుమ్మంలో నిలబడింది. తను పిలవదు, నేను పిలవను. ఎంతసేపని నిలబడతాం చెప్పండి. 'గిన్నె ఇలా తే' అన్నాను."

"ఆ తర్వాత మాటలు కలిశాయా అండీ?" అన్నాను.

"కలవటం ఎక్కడండీ. అన్నం ఉడికేలోపు ఉప్పు దగ్గర మళ్ళీ తిట్టుకున్నాం." ఆవిడ నవ్వింది. "తిట్టుకున్నామంటే కలిసినట్టేగా మరి."

మనవరాలు తలుపు చాటు నుంచి బయటికొచ్చింది. "మామ్మా, ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వు అటక మీద నిద్దరోతన్నావు. ఆ తరవాత అడిగిందెప్పుడు?"

ఆ పిల్ల వ్యాసం మళ్ళీ రాసింది. ఈసారి వీధి వీధంతా అందులో ఉంది. అది గోడకెక్కిన రెండోనాడే ఎదురింటావిడ కూడా వచ్చి చదివించుకుంది. అంతా ఒప్పుకుంది గానీ, ఉప్పు మాత్రం తన దగ్గరే ఉందనీ, లేనిది పొయ్యి గలావిడ దగ్గరేననీ చెప్పింది. ఆ మాట కూడా రాసి కింద గుచ్చాం. తక్కిన పిల్లలకు కూడా దారి దొరికింది. ఇంటికి పోయి అమ్మమ్మల్ని, తాతల్ని అడగటం మొదలుపెట్టారు. బల్ల చాలక, కాగితాలు స్తంభాలకు పాకాయి.

బడి వార్షికోత్సవం దగ్గరపడుతుండగా హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, "పంతులమ్మ గారూ, ఇవి ఎండకీ గాలికీ పోతున్నాయి. చిన్న పుస్తకంగా అచ్చు వేయిద్దామండీ. ఏలూరులో నాకు తెలిసిన ప్రెస్సు ఉంది," అన్నారు. నేను సరిగానే విన్నానా అనిపించింది. వార్షికోత్సవానికి వసూలైన చందాలో కొంత దీనికి తీశారు.

హెడ్మాస్టరు గారు, నేను, రాసిన పిల్లల్లో కొందరు కలిసి పడవలో ఏలూరు బయల్దేరాం. దారిపొడవునా నీళ్ళల్లో మనిషెత్తు పెరిగిన కిక్కిస గడ్డి, తామరాకులు, మమ్మల్ని చూసి లేచిపోయే నీటికోళ్ళు. పిల్లలకు అవేం కొత్త కాదు, వాళ్ళ ధ్యాసంతా ఏలూరు మీదే. ప్రెస్సు ఉన్న సందులో తివాచీలు నేసే ఇళ్ళు. ఎరుపు, నీలం రంగులద్దిన ఉన్ని దారపు చిలపలు గుమ్మాల ముందు ఆరేసి ఉన్నాయి. ఆ రంగుల కిందనుంచి వంగి వెళ్ళాం. ప్రెస్సు యజమాని ఒక పెద్దాయన, తెల్ల గడ్డం, సాయిబు గారు. శుభలేఖలు, సినిమా కరపత్రాలు వేసేవారు. "రండమ్మా, రండి. రచయితలు వీళ్ళేనా?" అని పిల్లలకు బెంచీ చూపించారు. రచయితలు అనేసరికి పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, కూర్చోకుండా అలాగే నిలబడిపోయారు.

గళ్ళపెట్టెల్లో నుంచి సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి ఆయన పేరుస్తుంటే, పిల్లలు చుట్టూ మూగి చూశారు. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. వరసలు నిండుతున్నాయి. ఉన్నట్టుండి సాయిబు గారి చెయ్యి ఆగింది. ఒక గడిలో వేళ్ళు పెట్టి తడిమి చూసుకున్నారు.

"హెడ్మాస్టరు గారూ, చిన్న ఇబ్బందండీ. 'డి' అయిపోయింది."

"డి ఏమిటండీ?"

"అక్షరమండీ. శుభలేఖలకి ఇన్ని 'డి'లు పట్టవు. మీ పిల్లలు మాటకో 'అండి' రాశారు. ఎదురింటావిడ తిట్టేటప్పుడు కూడా 'అండి' అనే తిట్టింది. కొన్ని తీసేస్తే పేజీ అయిపోద్దండి."

పిల్లలు హెడ్మాస్టరు గారి వైపు చూశారు. నేనూ చూశాను. ఈ భాష గోడ మీదే కదా అని సరిపెట్టుకున్న మనిషి. అదే భాష ఇప్పుడు అచ్చులోకి ఎక్కబోతోంది. తీసేయటానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

ఆయన ఉత్తరీయం సర్దుకుని, "తీయకండి. మా పిల్లలు మర్యాద తప్పినట్టుంటుంది," అన్నారు. "ఎంతసేపైనా ఉంటాం."

సాయిబు గారు నవ్వుకుంటూ చెప్పులు తొడుక్కుని పక్క వీధిలోని ఇంకో ప్రెస్సుకు వెళ్ళి, రుమాల్లో మూటకట్టి 'డి'లు అప్పు తెచ్చారు. ఆయన వచ్చేదాకా మేము పొరుగింటి గుమ్మంలో కూర్చుని తివాచీ నేత చూశాం. ఆ ఇంటివాళ్ళు మా పిల్లలకు బెల్లం, మరమరాలు పెట్టారు. నేసే ఆవిడ పొయ్యి వ్యాసం రాసిన అమ్మాయిని, "నువ్వేం రాశావమ్మా?" అని అడిగింది. ఆ పిల్ల నోటితోనే మొత్తం చెప్పేసింది. మగ్గం ఆగిపోయింది.

మొదటి పేజీ అచ్చు తీసి, తడి ఆరకముందే సాయిబు గారు దాన్ని ఆ అమ్మాయి చేతికిచ్చారు. ఆ పిల్ల చదవలేదు. రెండు చేతులా దూరంగా పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది. తిరుగు ప్రయాణంలో చదివింది, పడవలో నిలబడి, పెద్ద గొంతుతో. ఎదురొచ్చిన పడవలవాళ్ళు గెడలు ఆపి విన్నారు. "ఆ పొయ్యి ఏ ఊళ్ళోదమ్మాయ్?" అని ఒకాయన అరిస్తే పిల్లలంతా కలిసి ఊరి పేరు చెప్పారు.

వార్షికోత్సవం రోజున పుస్తకాలు ఇంటికొకటి పంచాం. మామ్మ, ఎదురింటావిడ పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. మామ్మ పుస్తకం తెరిపించి, తన మాటలు ఎక్కడున్నాయో చూపించమంది. మనవరాలు వేలు పెట్టి చూపించింది. ఆవిడ పేజీకి ముఖం దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది.

"ఇంత చిన్న అక్షరాల్లో నా నోరు ఎలా పట్టిందే?" అంది. ఎదురింటావిడ అందరికంటే గట్టిగా నవ్వింది.

ఆ తరువాత వారమో, పై వారమో, సరస్సు మధ్యలో ఉన్న ఒక లంక నుంచి పడవ ఒకటి వచ్చి మా బడి ఎదుట ఆగింది. అందులో నుంచి ఇద్దరు మగవాళ్ళు, ఒక ముసలాయన దిగారు. ముసలాయన చేతిలో మా పుస్తకం. ఎవరింటి నుంచి వెళ్ళిందో మరి, అప్పటికే అంచులు నలిగిపోయి ఉంది.

"ఏవండీ, ఇది మీ బడి పిల్లలు రాసిందేనా?" అన్నాడు ఆయన. "మా లంకలో బడి లేదండి. కానీ మా దగ్గరా ఒక సంగతి జరిగింది. పెళ్ళివారి పడవ కిక్కిసలో చిక్కుకుంటే, పెళ్ళి అక్కడే, పడవలోనే జరిపించామండి. దాన్ని కూడా ఇందులో ఎక్కించాలంటే ఎవరికి చెప్పుకోవాలి?"

నేను నోరు తెరిచేలోపే, ఒకప్పుడు ఆఖరి వరసలో గోడవారగా కూర్చున్న ఆ అమ్మాయి బెంచీ లాక్కొచ్చి వరండాలో వేసింది. కాగితం ఒళ్ళో పెట్టుకుని, పెన్సిలు మొన ఒకసారి చూసుకుంది.

"ముందు కూర్చోండి తాతగారూ," అంది. "పడవ ఎక్కిన కాణ్ణించి చెప్పండి. పెళ్ళికూతురు ఏమందో అది మాత్రం మర్చిపోకండి."